దడ లేదని ధీమా వద్దు

షుగర్ డౌన్ అయితే ఒంటికి ముందే తెలుస్తుంది. చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, కడుపు నకనకలాడుతుంది. నోట్లో ఇంత పంచదార వేసుకుంటే కాసేపటికి తేరుకుంటారు. షుగర్ ఉన్న ఇళ్లలో తెలిసిన సంగతే ఇది. అయితే బీపీకో, గుండెకో వాడే కొన్ని మాత్రలు ఈ హెచ్చరికలనే నొక్కేస్తాయి. లోపల చక్కెర పడిపోతున్నా పైకి తెలియదు.

సరిహద్దు ఊళ్లలో దీన్ని మరీ పట్టించుకోవాలి. గుండె చూపించుకోవడానికి బళ్లారి వాళ్లు బెంగళూరు వెళ్తారు, బరంపురం వాళ్లు విశాఖ వస్తారు, యానాం వాళ్లు కాకినాడ పోతారు. షుగరుకు మాత్రం వీధి చివర డాక్టరే. చీటీలు రెండు, ఫైళ్లు రెండు. ఒకరు రాసింది ఇంకొకరి కంట పడదు.

మెదడుకు నిల్వ లేదు

ఒంటి బరువులో మెదడు వాటా రెండు శాతమే. శరీరం ఖర్చుచేసే శక్తిలో మాత్రం దాదాపు ఐదో వంతు అదే తినేస్తుంది. ఆ శక్తి ప్రధానంగా గ్లూకోజ్ నుంచే రావాలి. దాచుకునే చోటూ పెద్దగా లేదు. అందుకే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కిందకు దిగుతుంటే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. దడ, వణుకు దాని పనే. 54 కన్నా తగ్గితే మెదడే తడబడుతుంది. మాట ముద్దవుతుంది, చూపు మసకబారుతుంది, పొంతన లేకుండా మాట్లాడతారు. ఇంకా దిగితే ఫిట్స్, స్పృహ తప్పడం.

ప్రొప్రనలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు అడ్రినలిన్ ప్రభావం గుండె మీద పడనివ్వవు. దాంతో దడ, వణుకు అణిగిపోతాయి. పైగా కాలేయం చక్కెర విడుదల చేసే పనికీ ప్రొప్రనలాల్ కొంత అడ్డుపడుతుంది. మైగ్రేన్ తలనొప్పికి, చేతుల వణుకుకు కూడా దీన్ని రాస్తారు. కాబట్టి 'నాకు బీపీ లేదుగా' అనుకోవడానికి వీల్లేదు. అటెనలాల్, మెటోప్రొలాల్‌తో ఈ బెడద తక్కువే గానీ బొత్తిగా లేదనలేం.

ఒక్క చెమట మాత్రం ఆగదు. దాన్ని నడిపించే రసాయనం వేరు. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి చొక్కా తడిసిపోతే వెంటనే షుగర్ చూడాల్సిందే. అలాగని గుండె మాత్ర సొంతంగా మానేయకూడదు. ఒక్కసారిగా ఆపితే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది.

పంచదార పనిచేయని వేళ

అకార్బోస్, వోగ్లిబోస్ వాడేవారికి మరో చిక్కు. ఇవి పేగుల్లో పంచదార విరగకుండా అడ్డుకుంటాయి. అప్పుడు పంచదార, బెల్లం వెంటనే అక్కరకు రావు. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూసుకోవాలి. గ్లిబెన్‌క్లమైడ్ మాత్రయితే దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ముఖ్యంగా పెద్దవారిలో, కిడ్నీలు బలహీనపడ్డవారిలో ఒకసారి తేరుకున్నాక మళ్లీ పడిపోవచ్చు. ఇంటి దగ్గరే ఉండిపోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం మేలు.

ఇక సీసాలో దొరికే 'మందు' సంగతి. ఖాళీ కడుపుతో తాగితే కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయడం తగ్గిస్తుంది. మనిషి తూలుతుంటే తాగిన మత్తే అనుకుని వదిలేస్తారు. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడే మనిషైతే ముందు వేలు గుచ్చి చూడాలి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆ రెండు చీటీలూ వెంట ఉండాలి.