ప్రత్యామ్నాయాల మూల్యాంకనం: రెండు చిన్న ఎస్.యు.వి.ల ఉదాహరణ

వినియోగదారుని నిర్ణయ ప్రక్రియలో ఐదు దశలుంటాయని గత భాగంలో చదువుకున్నాం. వాటిలో మూడోదైన ప్రత్యామ్నాయాల మూల్యాంకనం చదవడానికి తేలిక, చేయడానికి కష్టం. సబ్బు కొనేటప్పుడు ఈ దశ క్షణంలో ముగుస్తుంది. కారు విషయంలో అలా కుదరదు. నెలనెలా వాయిదాలు కట్టే మధ్యతరగతి కుటుంబానికి ఇంటి తరువాత ఇదే పెద్ద ఖర్చు కావచ్చు. పొరపాటున కొన్నామని మరుసటి ఏడాది మార్చుకుంటే నష్టం లక్షల్లో ఉంటుంది.

ఉదాహరణకు మారుతి సుజుకి బ్రెజా, టాటా నెక్సాన్ తీసుకుందాం. మొదటిది 2016లో విటారా బ్రెజా పేరుతో, రెండోది 2017లో మార్కెట్లోకి వచ్చాయి. ఇప్పటి నమూనాల పొడవు రెండింటికీ 3,995 మిల్లీమీటర్లే. ఇది కాకతాళీయం కాదు. 2006-07 కేంద్ర బడ్జెట్ చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకూడదు. పెట్రోలు ఇంజనైతే 1,200 సి.సి., డీజిలైతే 1,500 సి.సి. దాటకూడదు. జి.ఎస్.టి. వచ్చాక కూడా ఈ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీత లోపలి కార్లపై 18 శాతం, వెలుపలి వాటిపై 40 శాతం పన్ను ఉంది.

ఇక్కడే అసలు తేడా. బ్రెజా మొదట 1,248 సి.సి. డీజిల్ ఇంజనుతో రాయితీ పరిధిలో ఉండేది. 2020లో డీజిల్ వదిలి 1,462 సి.సి. పెట్రోలు ఇంజనుకు మారడంతో, పొడవు సరిపోయినా పరిధి దాటింది. నెక్సాన్ పెట్రోలు ఇంజను 1,199 సి.సి., డీజిల్ ఇంజను 1,497 సి.సి. రెండూ లోపలే. ఒక్కో కారు షోరూము ధర 10 లక్షలనుకుందాం. 18 శాతం పన్నున్న కారులో పన్ను సుమారు 1.53 లక్షలు, 40 శాతం పన్నున్న కారులో 2.86 లక్షలు. అయితే ఎక్కువ పన్ను కట్టిన బండి ఎక్కువ మంచిదీ కాదు, తక్కువ మంచిదీ కాదు. కొనుగోలుదారు చూడవలసింది రిజిస్ట్రేషను, బీమా కలిపి చేతికొచ్చేసరికి అయ్యే మొత్తం ధర.

తరువాత ఇంధనం. మైలేజీ గురించి మనవాళ్లు అడిగినంతగా మరేదీ అడగరు. సంవత్సరానికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామో మాత్రం లెక్కవేయరు. ఒక కారు లీటరుకు 17, మరొకటి 14 కిలోమీటర్లు ఇస్తుందని, పెట్రోలు లీటరు 105 రూపాయలని ఊహించండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి తేడా దాదాపు 15,900 రూపాయలు. పండుగలకు, పెళ్లిళ్లకు మాత్రమే బండి తీసి 5,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి 6,600 మాత్రమే. రెండో కుటుంబం మైలేజీ కోసం లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొంటే, ఆ లక్ష తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది.

భద్రత విషయంలో నక్షత్రాలను చదివే పద్ధతి తెలియాలి. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో అప్పటి విటారా బ్రెజాకు పెద్దల రక్షణలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. నెక్సాన్‌కు కూడా మొదట నాలుగే. మార్పులు చేశాక అదే ఏడాది డిసెంబరులో ఐదు సాధించింది. భారతదేశంలో తయారై ఐదు నక్షత్రాలు పొందిన తొలి కారు అదే. 2022లో ఆ సంస్థ పరీక్షా నియమాలను కఠినం చేసింది. కొత్త నియమాల కింద 2024లో నెక్సాన్ మళ్లీ ఐదు పొందింది. బ్రెజా 2022లో కొత్త రూపంలో వచ్చింది కాబట్టి, 2018 నాటి నాలుగు నక్షత్రాలను దానికి అంటగట్టడం సరికాదు. నక్షత్రాలు బ్రాండుకు కాదు, పరీక్షించిన నమూనాకు, ఆ సంవత్సరపు నియమాలకు చెందుతాయి. అమ్మకందారు నక్షత్రాలు చూపిస్తే మీరు అడగవలసింది ఆ సంవత్సరమే.

ఇన్ని అంశాలను ఒక నిర్ణయంగా మార్చేది ప్రాధాన్య భారం. ఒక కుటుంబం భద్రతకు నెక్సాన్‌కు 9, బ్రెజాకు 7 మార్కులు, ఇంటికి దగ్గరలో సర్వీసు సౌకర్యానికి వరుసగా 6, 9 మార్కులు వేసుకుందనుకోండి. ఇవి ఊహించినవి మాత్రమే. రెండు అంశాలకూ 50 శాతం చొప్పున భారమిస్తే నెక్సాన్‌కు 7.5, బ్రెజాకు 8. భద్రతకు 70 శాతం ఇస్తే 8.1, 7.6. భద్రతకు 60 శాతం దగ్గర రెండూ 7.8తో సమానం. మార్కులు మారలేదు, కార్లూ మారలేదు, గెలిచేది మారింది. అన్నదమ్ములిద్దరు ఒకే సమాచారంతో రెండు వేర్వేరు కార్లు కొనడంలో వింత లేదు.

ఒక అంశంలోని లోపాన్ని మరో అంశం పూడ్చగల ఈ పద్ధతిని పరిహార నియమం అంటారు. దీనికి భిన్నంగా, "ఐదు నక్షత్రాలు లేని కారు మా ఇంట్లోకి రాదు" అని ముందే గీత గీసుకునే వారు కనీస అర్హత నియమం పాటిస్తున్నారు. వారి విషయంలో సర్వీసుకు 10 మార్కులొచ్చినా లాభం లేదు. చాలామంది మొదట ఈ రెండో నియమంతో జాబితాను తగ్గించుకుని, మిగిలిన వాటి మధ్య పరిహార నియమం వాడతారు. పిల్లలతో హైవే ప్రయాణాలు చేసే కుటుంబానికి ఈ క్రమమే తగినదని చెప్పవచ్చు.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక కుటుంబం ఏడాదికి తిరిగే దూరం, దగ్గరలోని సర్వీసు కేంద్రానికి ఉన్న దూరం అడిగి తెలుసుకోండి. నాలుగు అంశాలకు మొత్తం 100 శాతం వచ్చేలా ఇంట్లో ఇద్దరి చేత విడివిడిగా భారం వేయించండి. ఇద్దరి లెక్కలో ఒకే కారు గెలిచిందో లేదో, గెలవకపోతే ఏ అంశం దగ్గర విడిపోయారో పది వాక్యాలలో రాయండి.