మార్పిడి మూత్రపిండం - మందుల వేళలు - రమజాన్ ఉపవాసాలు

సికింద్రాబాదులోని పెద్ద ఆసుపత్రులలో మూత్రపిండ మార్పిడి నేడు అరుదైన చికిత్స కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ పథకం ఆరంభమైన తరువాత మరణించిన దాతల అవయవాలు కూడా రోగులకు అందుతున్నాయి. అవయవ మార్పిడి ధర్మసమ్మతమా అన్న ప్రశ్నకు జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988లోనే కొన్ని షరతులతో అనుమతి తెలిపింది. అయితే ఇల్లు చేరిన రోగికి ఏటా ఎదురయ్యే ప్రశ్న మరొకటి ఉంది. రోజుకు రెండు పూటలా వేసుకోవలసిన మందులను రమజాన్‌లో ఏం చేయాలి? వైద్యుడు ఉపవాసం వద్దంటాడేమోనన్న శంకతో కొందరు ఈ మాట ఆయన వద్ద ఎత్తరు. సహ్రీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి అని తామే సర్దుకుంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

మన శరీరం తనది కానిదాన్ని గుర్తుపట్టి ఎదిరిస్తుంది. 1954లో బోస్టన్‌లో జరిగిన తొలి విజయవంతమైన మార్పిడిలో దాత, గ్రహీత ఒకే రూపంగల కవలలు గనుక ఆ ఎదిరింపు రాలేదు. మిగిలిన వారందరికీ, తల్లి ఇచ్చిన మూత్రపిండమైనా సరే, రోగనిరోధక శక్తిని అణచే మందులు ఆ అవయవం పనిచేసినంత కాలమూ అవసరమే. వీటిలో నేడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్ స్వభావం సున్నితమైనది. రక్తంలో అది కాస్త తగ్గితే శరీరం అవయవాన్ని తిరస్కరించవచ్చు. కాస్త పెరిగితే చేతులు వణుకుతాయి, ఏ మూత్రపిండాన్ని కాపాడడానికి వేసుకున్నామో దానికే హాని కలుగుతుంది. పైగా తిరస్కరణ తరచు నొప్పి లేకుండానే మొదలవుతుంది. రోగి హాయిగా తిరుగుతుండగానే రక్తంలో క్రియాటినిన్ పెరుగుతూ ఉంటుంది. "రెండు పూటలు మానాను, ఏమీ కాలేదు" అనేవారి ధైర్యానికి ఆధారం ఈ నిశ్శబ్దమే.

సాధారణ టాక్రోలిమస్ పన్నెండు గంటల కొకసారి వేసుకోవలసిన మందు. సికింద్రాబాదులో ఉపవాసకాలం శీతకాలంలో సుమారు పన్నెండున్నర గంటలు, నడివేసవిలో పద్నాలుగున్నర గంటల వరకు ఉంటుంది. కనుక సహ్రీ, ఇఫ్తార్ వేళలకు మందు మార్చినప్పుడు ఎడం ఒకవైపు పెరిగి, మరొకవైపు తగ్గుతుంది. ఈ తేడాను ఏ రోగి భరించగలడో వైద్యుడే చెప్పాలి. రోజుకు ఒకేసారి వేసుకొనే టాక్రోలిమస్ కూడా ఉంది. కాని అది వేరు మందు వంటిదే. దానికి మారేటప్పుడు రక్తపరీక్షలు తప్పవు, దుకాణంలో అడిగి మార్చుకొనేది కాదు. మరచిన మోతాదును మరుసటి దానితో కలిపి రెట్టింపు చేయడమూ తగదు.

రక్తపరీక్ష విషయంలో జరిగే పొరపాటు చాలామందికి తెలియదు. మందు మోతాదు తెలుసుకోవడానికి రక్తాన్ని తరువాతి మోతాదుకు కొంచెం ముందు తీయాలి. మామూలు నెలల్లో రోగి ఉదయం మందు వేసుకోకుండా వెళ్లి, రక్తమిచ్చి, ఆ తరువాత వేసుకుంటాడు. రమజాన్‌లో సహ్రీకి మందు వేసుకొని అలవాటు ప్రకారం పదిగంటలకు రక్తమిస్తే ఫలితం ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి మోతాదు తగ్గిస్తే నష్టపోయేది రోగియే. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నదీ చీటీమీద రాయించడం అవసరం.

ఇఫ్తార్ పళ్లెం సంగతి కూడా చెప్పుకోవాలి. కొవ్వు అధికంగా ఉన్న భోజనం టాక్రోలిమస్‌ను ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. ఆ వేళకు వీధి వీధినా హలీం ఉడికే ఊరిలో ఇది చిన్న మాట కాదు. నీటితో మందు వేసుకొని, మగ్రిబ్ నమాజు చేసి, గంట గడిచాక భోజనానికి కూర్చోవడం మేలు. ప్రెడ్నిసొలోన్ మాత్రం ఆహారంతోనే. పంపర పనస రక్తంలో మందును పెంచగలదు. బజారులో కోసి ఉంచిన పండ్లు ఈ రోగులకు అంటువ్యాధి తెచ్చిపెట్టవచ్చు. నిరోధక శక్తిని పెంచుతుందని పేరుపడిన తిప్పతీగ వీరికి తగదు, ఎందుకంటే వీరి మందులు చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందు బలాన్ని బాగా తగ్గిస్తుంది, క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ పెంచుతాయి. ఒంటినొప్పులకు సొంతంగా కొనుక్కొనే డైక్లోఫెనాక్ మూత్రపిండానికే చేటు.

వ్యాధిగ్రస్తునికి ఉపవాస విషయంలో సడలింపు అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలోనే ఉంది. తరువాత కోలుకుంటే ఖజా, కోలుకొనే ఆశ లేకపోతే ఒక్కొక్క రోజుకు ఒక పేదవానికి భోజనమనే ఫిద్యా. సడలింపును వాడుకున్నవాడు ఉపవాసం ఎగవేసినవాడు కాడు. మార్పిడి జరిగిన తొలి సంవత్సరంలో వైద్యులు సాధారణంగా ఉపవాసానికి ఒప్పుకోరు. ఆ తరువాత మూత్రపిండం నిలకడగా పనిచేస్తూ, చక్కెర, రక్తపోటు అదుపులో ఉన్న కొందరికి అనుమతిస్తారు. అది ఆ ఏటికి, ఆ రోగికి ఇచ్చిన అనుమతి మాత్రమే. పక్కింటివాడికి చెల్లదు.

అందుచేత షాబాన్ నెలలోనే వైద్యుని కలిసి క్రియాటినిన్, మందు మోతాదు చూపించుకోవాలి. అనుమతి దొరికితే రమజాన్ తొలి వారంలో మరొకసారి పరీక్ష చేయించుకోవాలి. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా సూర్యాస్తమయం దాకా ఆగక నీరు తాగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.