చూసే పెట్టె

టెలివిజన్‌ను మనం చూస్తామని తెలుసు గాని, అది కూడా మనల్ని కనిపెట్టి వుండగలదని యెరగనివారు మన యిళ్లలో యింకా వున్నారు.

అమెరికాలో విజియో కంపెనీ సంగతి చూడండి. 2014 నుంచి ఆ కంపెనీ పెట్టెలు తెరమీది బొమ్మను సెకను సెకనుకూ గుర్తుపట్టి, యే యింట యేమి చూస్తున్నారో ఇంటర్నెట్ ద్వారా చేరవేశాయి. కేబుల్ కార్యక్రమమైనా, సొంతంగా పెట్టుకొన్న డి.వి.డి. అయినా ఒకటే. ఆ వివరాలను కంపెనీ ఇతరులకు అమ్ముకొన్నది. అట్టి పెట్టెలు కోటీ పదిలక్షలు. 2017లో ప్రభుత్వం పట్టుకొంటే 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. పెట్టె ఒక్కంటికి 20 సెంట్లు! మా దృష్టిలో అది శిక్ష కాదు, అద్దె.

ఆ యేడే ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమిక హక్కేనని యేకగ్రీవంగా తీర్పిచ్చారు. 2012లో వ్యాజ్యం తెచ్చినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.యస్. పుట్టస్వామిగారు; అప్పటికే యెనభయ్యేళ్లు దాటిన పెద్దమనిషి. బెంగుళూరు పాఠకులకు ఆయనను గూర్చి మేము వేరే చెప్పనక్కరలేదు.

2023లో చట్టమూ వచ్చింది. వివరాలు యెందుకో చెప్పి అడగాలి. సమ్మతిని యిచ్చినంత సులభంగానే వెనక్కు తీసుకొనే వీలుండాలి. మనకు ముఖ్యమైనది మరొకటి: ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషలోనైనా కోరవచ్చు. హోసూరులో వున్నా, బరంపురంలో వున్నా తెలుగులోనే చదువుకోవచ్చునన్నమాట. 2025 నవంబరులో నియమాలు వెలువడినవి. యీ షరతుల అమలుకు పద్ధెనిమిది మాసాల గడువిచ్చారు.

అందాకా, కనిపెట్టడాన్ని ఆపే మీట చాలా పెట్టెల్లో వున్నది గాని, సెట్టింగులలో యెక్కడో లోపల వుంటుంది. వెదకవలసిందే.