సొమ్మొకడిది, సోకొకడిది
ఇథియోపియా కాఫీ రైతుల పేరు కోసం సాగిన పోరు

తూకంలో మోసం, ధరలో మోసం, వడ్డీలో మోసం – ఇవన్నీ మన రైతాంగానికి అనుభవమే. అయితే పంట పేరునే కాజేసే దోపిడీ ఇంకొకటుంది. అది సంతలో కంటికి కనపడదు. సముద్రాల కవతల, ఆఫీసు కాగితాలమీద సద్దు లేకుండా జరిగిపోతుంది. దీనిమీద ఆఫ్రికాలోని ఇథియోపియా దేశం ఎలా పోరాడిందో మన కార్యకర్తలు తెలుసుకోవాలి.

అరబికా కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా. అక్కడ సుమారు 40 లక్షల చిన్న కమతాల్లో కాఫీ పండుతుంది. దాదాపు కోటిన్నర మందికి అదే బతుకుతెరువు. సిడామో, హరార్, యిర్గాచెఫ్ – ఇవి అక్కడి ఊళ్ళ పేర్లు, సీమల పేర్లు. ఆ పేరు వింటే చాలు, ధనిక దేశాల్లో కాఫీ తాగేవాళ్ళు ఎక్కువ ధర పెట్టి కొంటారు. ఆ రుచి తరతరాల రైతుల చెమట ఫలితం.

మరి ఆ ధర ఎవరి జేబులోకి పోయింది? అమెరికాలో పౌను 26 డాలర్లదాకా అమ్ముడైన కాఫీకి, పండించినవాడికి దక్కింది ఒక డాలరు పది సెంట్లకు మించలేదని ఆక్స్‌ఫామ్ సంస్థ 2006లో ప్రకటించింది. వేయించే ఖర్చు, ఓడ కిరాయి, దుకాణం అద్దె ఎంత తీసేసినా, ఈ తేడా న్యాయమని ఎవరనగలరు?

అంతటితో ఆగలేదు. స్టార్‌బక్స్ అనే అమెరికన్ బహుళజాతి కంపెనీ 2004లో ‘సిడామో’ కలిసిన ఒక పేరును తన ట్రేడ్‌మార్కుగా రాయించుకోబోయింది. ట్రేడ్‌మార్కు అంటే బీడీ కట్టమీద, సబ్బుబిళ్ళమీద అచ్చేసే పేరూ గుర్తూ అన్నమాట. ఒకరు రిజిస్టరు చేసుకున్నాక అదే సరుకుమీద మరొకరు ఆ పేరు వాడటానికి వీల్లేదు. రైతు ఊరి పేరుకు కంపెనీ పట్టా పుచ్చుకుంటానంటోందన్నమాట!

వ్యాపారుల అడ్డుపుల్ల

ఇథియోపియా ప్రభుత్వం ఊరుకోలేదు. 2005లో ఆ మూడు పేర్లనూ తన ట్రేడ్‌మార్కులుగా రిజిస్టరు చేయాలని అమెరికాలో దరఖాస్తు పెట్టింది. అమెరికా కాఫీ వ్యాపారుల సంఘం అభ్యంతరం లేవదీసింది. స్టార్‌బక్స్ కూడా ఆ సంఘంలో సభ్యురాలే. వారి వాదన ఏమిటి? ఈ పేర్లు ఒక రకం కాఫీని తెలిపే మామూలు మాటలైపోయాయి, ఎవరి సొత్తూ కావు అని. కంపెనీ రాయించుకోబోయినప్పుడు సొత్తుగా కనిపించిన పేరు, రైతు దేశం అడిగేసరికి ఊరుమ్మడి అయిపోయిందా? అమెరికా ఆఫీసు యిర్గాచెఫ్‌ను ఒప్పుకుంది గాని, సిడామో, హరార్‌లను మొదట తోసిపుచ్చింది.

పేరుకు బదులు ధ్రువీకరణ ముద్ర తీసుకోండని కంపెనీ సలహా ఇచ్చింది. అలా చేస్తే ప్రతి కమతం కాఫీనీ తనిఖీ చేసి, ఫలానా చోట పండిందని రుజువు చూపాలి. లక్షలాది పేద కమతాల్లో ఆ ఖర్చు రైతు నెత్తినే పడుతుంది. అందుకే ఇథియోపియా ససేమిరా అంది.

2006 అక్టోబరులో ఆక్స్‌ఫామ్ ఈ సంగతిని వీధిలోకి తెచ్చింది. అమెరికాలో కాఫీ తాగే మామూలు జనమే వేలాదిగా కంపెనీకి నిరసన తెలిపారు. పరువు పోతుందని తెలిశాక కంపెనీ దిగివచ్చింది. 2007 జూన్‌లో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ పేర్లు ఇథియోపియావని స్టార్‌బక్స్ ఒప్పుకుంది. ఆ తర్వాత సిడామో కూడా అమెరికాలో రిజిస్టరైంది.

అయితే పేరు దక్కినంతమాత్రాన గిట్టుబాటు దక్కినట్లేనా? లేదు. ఒప్పందంలో పేరు వాడినందుకు రాయల్టీ సొమ్ము లేదు. పేరు బలంతో బేరమాడి మంచి ధర రాబట్టుకోవలసిందే. ఆ బలం సంఘటిత రైతాంగానికే ఉంటుంది.

మన సంగతేమిటి?

మనకూ అలాంటి పేర్లున్నాయి. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. గిరిజనులు పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో వచ్చింది. కాని ఈ కాగితం మన దేశంలోనే చెల్లుతుంది. సరుకు ఏ దేశానికి పోతే ఆ దేశంలో విడిగా హక్కు రాయించుకోవాలి. 2013లో మన దేశం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరింది గనుక ట్రేడ్‌మార్కుకు ఒకే దరఖాస్తులో అనేక దేశాలను కోరవచ్చు. ఇచ్చేదీ లేనిదీ మాత్రం ఆయా దేశాలే తేలుస్తాయి. ఎగుమతి మొదలయ్యాక మేలుకుంటే, అప్పటికే ఇంకొకడు రాయించుకుని కూర్చోవచ్చు.

ఇంట్లోనూ చేయవలసిన పని ఉంది. గుర్తింపు పొందిన పంట పండించే రైతు ‘అధీకృత వినియోగదారు’గా తన పేరు నమోదు చేయించుకోవచ్చునని చట్టమే చెబుతోంది. మీ ఊళ్ళో ఎంతమంది పేర్లు ఆ పట్టికలో ఉన్నాయి? రైతులున్నారా, వ్యాపారులేనా? సంఘం కార్యకర్తలు గ్రామగ్రామానా ఈ ప్రశ్న వేయాలి. దరఖాస్తులు నింపించాలి. విదేశాల్లో రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రభుత్వమే భరించాలని పట్టుబట్టాలి.

కూలీలు కూడా ఇది రైతుల గొడవలే అనుకోరాదు. కాఫీ పండు కోసే చెయ్యి, మిరపకాయ ఏరే చెయ్యి లేనిదే ఆ పేరు లేదు. పేరుకు రేటు వస్తే కూలి రేటూ పెరగాలి. అది అడిగి, నిలబడి సాధించుకోవలసిందే.