కంప్యూటరు గుమాస్తాకూ ఎం-బుక్కు నిబంధనలే

కర్నూలు: పని ఎంత జరిగినా ఎం-బుక్కు ఎక్కకపోతే బిల్లు రాదు. కె.సి. కాలువ గట్ల మీద మట్టి పని చేయించిన ప్రతి మేస్త్రీకీ ఈ సంగతి తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కాలువ అది. సుంకేసుల నుంచి కడప వరకు ఆ కాలువ మీద జరిగిన మరమ్మతు పనుల్లో ఇంజనీరు కొలిచి రాసిన అంకెల మీదనే కూలీల డబ్బులు ఆధారపడి వచ్చాయి.

ఎం-బుక్కు అంటే కొలతల పుస్తకం. దాని నిబంధనలు కఠినమైనవి. పేజీలకు వరుస నంబర్లుంటాయి, ఒక్క పేజీ కూడా చింపరాదు. తప్పు పడితే చెరిపి రాయకూడదు. అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం, తేదీ పెట్టాలి. కింది ఇంజనీరు రాసినదాన్ని పై ఇంజనీరు తిరిగి కొలిచి చూస్తాడు. ఇన్ని కట్టుబాట్లున్నా అక్రమాలు ఆగలేదన్నది వేరే కథ. అయితే ఎవరు ఏ రోజున ఏమి రాశారో మాత్రం ఆ పుస్తకం చూపిస్తుంది.

ఇప్పుడు పెద్ద నిర్మాణ సంస్థల రికార్డులన్నీ కంప్యూటరులోకి మారాయి. 2002లో అమెరికాలో మొదలైన ప్రోకోర్ వంటి సంస్థలు నకళ్లు, బిల్లులు, రోజువారీ పని నివేదికలు అన్నీ ఒక్కచోట ఉంచే ఏర్పాటును అమ్ముతున్నాయి. ఆ రికార్డులను తిరగేసి చెప్పే పనికి ‘ఏఐ ఏజెంట్లు’ వస్తున్నాయి. ఏజెంటు అంటే మండీలో కమీషన్ ఏజెంటు కాదు. చెప్పిన పనిని తనంతట తాను అడుగులు వేసుకుంటూ చేసుకుపోయే కంప్యూటరు గుమాస్తా.

ఈ గుమాస్తా రికార్డును చూడాలంటే ఒక కిటికీ కావాలి. దానికే ఏపీఐ అని పేరు. మండలాఫీసు కిటికీ దగ్గర అర్జీ సరిగా నింపి ఇస్తే లోపలివారు రికార్డు తీసి చూపినట్టే, ఒక సాఫ్ట్‌వేర్ ఇంకొక సాఫ్ట్‌వేర్‌ను ఏపీఐ ద్వారా అడుగుతుంది. ‘గెట్’ అంటే చూపించు, ‘పోస్ట్’ అంటే కొత్తగా రాయి, ‘ప్యాచ్’ అంటే సవరించు, ‘డిలీట్’ అంటే తీసివేయి. పనికొక పనిముట్టు ఇవ్వడం ఒక పద్ధతి. ఏ అర్జీనైనా పంపగల ఒకే పనిముట్టు చేతికివ్వడం ఇంకొకటి. రెండోది చౌక, సులువు. కాని ఒకే తాళం చెవితో అన్ని గదులూ తెరుచుకుంటాయి. అందుకే ఆ పనిముట్టును వాడే తీరు రాసిపెట్టిన పత్రం మీదనే అంతా ఆధారపడి ఉంటుంది. గుమాస్తా ఆ పత్రాన్ని చదివే పని మొదలుపెడుతుంది. అందులో లేనిది ఊహించుకుంటుంది. చిక్కంతా అక్కడే.

కొలతల సంగతే చూడండి. మన ఊళ్లలో ఇంటి లెక్క చదరపు అడుగుల్లో, ఇంజనీరు లెక్క చదరపు మీటర్లలో ఉంటుంది. 340 చదరపు అడుగుల ఇంట్లో బేతంచెర్ల నాపరాళ్లు పరిస్తే అది దాదాపు 31.6 చదరపు మీటర్లు. ఏ గడిలో ఏ కొలత వేయాలో పత్రంలో రాయకపోతే గుమాస్తా 340ని మీటర్ల గడిలో వేస్తుంది. అప్పుడు పరుపు 3,660 చదరపు అడుగులైపోతుంది. బిల్లు పదింతలు దాటుతుంది.

పేజీల గొడవ ఇంకా ప్రమాదకరం. జాబితాలో 260 ఇళ్లున్నాయనుకుందాం. కిటికీలోంచి ఒకసారికి 100 మాత్రమే ఇస్తారు. మిగతావి తర్వాతి పేజీల్లో అడగాలని పత్రం చెప్పకపోతే, మొదటి వంద చూసి ‘ఇంతే’ అని గుమాస్తా నివేదిక ఇస్తుంది. శ్లాబు పడిపోయినా కంతు డబ్బు రాని 160 మంది ఆఫీసు చుట్టూ తిరగవలసి వస్తుంది. ‘404’ అనే జవాబుకు అర్థం దొరకలేదని. బిల్లు లేదని దానర్థం కాకపోవచ్చు. చిరునామా తప్పు కావచ్చు, చూసే అనుమతి లేకపోవచ్చు. ఈ తేడా కూడా రాసి ఉండాలి.

ఇక రెండుసార్లు రాయడం. సిమెంటు లోడు వచ్చిందని ‘పోస్ట్’ పంపాక నెట్ పోయి జవాబు రాలేదు. గుమాస్తా మళ్లీ పంపితే ఒకే లోడు రెండుగా నమోదవుతుంది. ముందు ‘గెట్’తో చూసి, లేకపోతేనే తిరిగి పంపాలని పత్రం ఆదేశించాలి. పని నంబరు విషయమూ ఇంతే. ఒకే ఆఫీసులో కె.సి. కాలువ పనులు, తెలుగుగంగ పనులు పక్కపక్కనే ఉంటే, మొదట పనుల జాబితా తెప్పించుకుని నంబరు ఖాయం చేసుకోవాలి.

ఇటువంటి పనిముట్లకు ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. పనిముట్టుకు పేరు, వివరణ, ఇవ్వవలసిన వివరాలు అందులో రాస్తారు. ‘చూడడానికి మాత్రమే’, ‘చెరిపే పని’ అనే గుర్తులు 2025లో చేరాయి. అయితే గుర్తు తాళం కాదు. డిలీట్ అక్కరలేని గుమాస్తాకు ఆ అనుమతి లేని తాళం చెవి ఇవ్వడమే సరైనది. రాసే ప్రతి పనికీ ముందు మనిషి ‘సరే’ అనాలి. అన్న మనిషి పేరు, వేళ నమోదు కావాలి. పొడి సంతకమంటే అదే.

ఇంత చేసినా కిటికీ లోపలున్నదే గుమాస్తాకు కనిపిస్తుంది. ఉపాధి హామీ పనుల హాజరును 2023 జనవరి 1 నుంచి ఫోన్ ఫొటోలతో తప్పనిసరి చేశారు. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోలకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనుషులే తనిఖీ చేయాలని ఆదేశించింది.

పత్రం బాగుందో లేదో తేల్చడానికి తేలిక మార్గం ఉంది. కొలతలు, చెల్లింపులు పూర్తయిన పాత పని ఒకటి తీసుకుని గుమాస్తాను ప్రశ్నలడగాలి. జవాబులను ఎం-బుక్కు పేజీలతో సరిచూడాలి. తేడా వస్తే ముందు దిద్దవలసింది పత్రాన్నే. దిద్దాక మళ్లీ మొదటి ప్రశ్న నుంచీ అడగాలి.