ఎరుపు తగ్గినంత మాత్రాన కన్ను బాగైనట్టు కాదు

నిజామాబాద్ జిల్లా బోధన్, రుద్రూర్, వర్ని వైపు పొలం పనులకు పోయేవాళ్ల కంట్లో ఆకు గీరుకోవడం మామూలే. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు తగ్గింది గానీ ఈ బెడద పోలేదు. కన్ను ఎర్రబడగానే చాలామంది మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు తెచ్చుకుంటారు. అలా ఇచ్చే కొన్ని సీసాల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

అపోహ: ఎరుపు, మంట తగ్గాయంటే మందు పనిచేసినట్టే.
వాస్తవం: స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది, క్రిమిని చంపదు. చెరకు ఆకో వరి కంకో గీరితే నల్లగుడ్డు మీది గాయంలోకి ఫంగస్ చేరవచ్చు. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. స్టెరాయిడ్ వేస్తే ఫంగస్ మరింత లోపలికి పాకుతుంది. మొదట హాయిగా ఉన్నా, తర్వాత తెల్లమచ్చ, పుండు కనిపిస్తాయి. పుండు మానినా పువ్వు మిగిలి చూపు మందగిస్తుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2002లో ప్రచురించిన పరిశీలనలో, ఫంగస్ పుండ్లున్న 1,352 మందిలో సగానికి పైగా ముందు కంటికి దెబ్బ తగిలినవారే.

అపోహ: చుక్కలే కదా, మాత్రలంత ప్రమాదం ఉండదు.
వాస్తవం: వారాల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేస్తే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. అది నీటికాసుల జబ్బుగా మారి నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం కూడా రావచ్చు. ఎండాకాలం దురదకు పిల్లలకు ఏటా అవే చుక్కలు వేసే తల్లిదండ్రులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

అపోహ: కండ్లకలకకు యాంటీబయాటిక్ తప్పనిసరి.
వాస్తవం: 2023 వానాకాలంలో తెలంగాణ అంతటా కండ్లకలక పాకింది. ఇలా ఊళ్లకు ఊళ్లు చుట్టేసే కలక ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. పైగా ఆ మందు పడక కొందరికి రెప్పలు ఉబ్బి, దురద పెడతాయి.

అపోహ: ఇంట్లో ఒకరికి రాసిన మందు అందరికీ పనికొస్తుంది.
వాస్తవం: ఒకరికి మేలు చేసిన స్టెరాయిడ్, హెర్పిస్ వైరస్ సోకిన మరొకరి కంటికి చేటు చేస్తుంది. సీసా మూతి కంటికి తగిలితే క్రిములూ అంటుకుంటాయి. మూత తీసిన నెలకు మిగిలిన మందు పారేయాలి.

అపోహ: స్టెరాయిడ్ అంటేనే విషం.
వాస్తవం: శుక్లం ఆపరేషన్ తర్వాత వాపు తగ్గించేది అదే. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి, మధ్యలో ఆపేయకూడదు.

కంట్లో ఆకు గీరితే నులమకండి, శుభ్రమైన నీళ్లతో కడగండి. చనుబాలు, ఆముదం వేయకండి. అదే రోజు నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గరో చూపించుకోండి. సీసా మీద డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. చీటీ లేకుండా ఎవరిచ్చినా దాన్ని కంట్లో వేసుకోకండి.