ఆలోచనకు పట్టా

మనవాళ్ళు నలుగురు చేరిన చోట, భోజనాలయి కబుర్లలో పడే వేళకు, "ఈ వస్తువు నాకు పదేళ్ళ కిందటే తట్టిందండీ! ఎవడో చేసి లక్షలు గడించాడు" అని ఎవరో ఒకరు అనడం మామూలే. ఆ మాట నిజమే కావచ్చు. మనలో ఇంజనీర్లకు, డాక్టర్లకు, రోజూ వంటింటి పనిముట్లతో కుస్తీ పట్టే ఇల్లాళ్ళకు కొత్త ఆలోచనల కొరత ఎన్నడూ లేదు. తట్టిన ఆలోచనను ఎట్లా కాపాడుకోవాలి, దానివల్ల నాలుగు డబ్బులు ఎట్లా చేసుకోవాలి అన్నదే చాలామందికి తెలియదు. అమెరికాలో ఉంటున్న మనకు పనికి వచ్చే విధంగా ఈ నెల ఆ సంగతి ముచ్చటించుకుందాము. మేము లాయర్లము కాము. ఫీజు చెల్లించి లాయరు ముందు కూర్చునే లోపల తెలిసి ఉండవలసినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాము.

అసలు మాట ముందే చెబుతాము. పేటెంటు అంటే పొలానికి పట్టా వంటిది. పట్టా చేతికి వచ్చింది గదా అని పంట ఇంటికి రాదు. పోనీ పట్టా లేకుండానే సేద్యం చేద్దామంటే, పంట మరొకరు కోసుకుపోవచ్చు. రెండూ కావాలి. కాని ఆ రెండూ వేరు వేరు పనులు. ఈ భేదం తెలియకనే చాలామంది డబ్బు, కాలం పోగొట్టుకుంటున్నారు.

ముగ్గురి కథ

వానలో కారు అద్దం తుడిచే వైపరు మనకందరికీ తెలిసిన వస్తువే గదా. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఉండే మేరీ ఆండర్సన్ అనే ఆమె ఒక చలికాలం న్యూయార్కు వెళ్ళి, మంచు కురుస్తుంటే ట్రామ్ డ్రైవర్లు పడే అవస్థ చూసింది. లోపల కూర్చుని మీట తిప్పితే బయట రబ్బరు బద్ద అద్దాన్ని తుడిచే సాధనం ఆలోచించి, 1903 నవంబరులో పేటెంటు పొందింది. 1905లో కెనడాలోని ఒక సంస్థకు అమ్మజూపితే, దీనికి వ్యాపార విలువ లేదని వారు తిప్పికొట్టారు. ఆనాటి చట్టం ప్రకారం పేటెంటు గడువు 17 ఏళ్ళు. 1920లో గడువు తీరింది. కార్ల వ్యాపారం ఊపందుకుని వైపరు ప్రతి కారుకూ ఎక్కినది ఆ తరువాతనే. ఆమెకు దమ్మిడీ దక్కలేదు. పట్టా ఉంది, పంట కాలం రాకముందే పట్టా గడువు తీరిపోయింది.

రెండవ వాడు డెట్రాయిట్‌లోని ఇంజనీరింగు అధ్యాపకుడు రాబర్ట్ కెర్న్స్. 1953లో పెళ్ళినాటి రాత్రి షాంపేన్ సీసా బిరడా ఎగిరి తగిలి ఆయన ఎడమ కంటి చూపు దాదాపు పోయింది. ఆ తరువాత కొన్నేళ్ళకు, వానలో కారు నడుపుతూ, మనిషి కన్ను ఎడతెగకుండా కదలదు, ఆగి ఆగి ఆర్పుతుంది, వైపరు కూడా అట్లా ఎందుకు పనిచేయరాదు అనుకున్నాడు. 1964లో దరఖాస్తు పెట్టి, 1967లో పేటెంటు పొందాడు. ఫోర్డు కంపెనీకి పనితీరు చూపించాడు. వారితో బేరం తెగలేదు. 1969లో ఫోర్డు కార్లకు ఆగి ఆగి తిరిగే వైపర్లు వచ్చాయి. కెర్న్స్ 1978లో ఫోర్డు మీద, 1982లో క్రైస్లర్ మీద దావా వేశాడు. ఫోర్డు 1990లో కోటీ రెండు లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది. క్రైస్లర్ మీద 1992లో గెలిచిన తీర్పు 1995లో సుప్రీం కోర్టుదాకా పోయి నిలిచింది. వడ్డీతో కలిపి సుమారు మూడు కోట్ల డాలర్లు వచ్చాయి. ఇంత గెలిచినా, నడుమ ఆయన ఆరోగ్యం చెడింది, కాపురం విచ్ఛిన్నమయింది, లాయర్లను మాని తన వాదన తానే వినిపించుకున్నాడు, గడువులు తప్పడంతో మిగతా కంపెనీల మీది దావాలు కొట్టివేయబడ్డాయి. పట్టా ఉంది, పంటా ఉంది. కాని కావలి కాయడంలోనే జీవితం గడిచిపోయింది.

మూడవ కథ మన తెలుగు నేల మీదిది. ఆలేరు దగ్గర శారాజీపేట చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం చదివింది ఆరో తరగతి. పోచంపల్లి రకం చీర ఒక్కదానికి ఆసు పోయడానికి తల్లి లక్ష్మి గంటల తరబడి చెయ్యి వేలసార్లు ఆడించవలసి వచ్చేది, భుజాలు పడిపోయేవి. అది చూడలేక 1992లో మొదలుపెట్టి, డబ్బు చాలక ఆగుతూ, కూలి పనులు చేసుకుంటూ, 1999లో యంత్రం పూర్తి చేశాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టుకున్నాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. మన దేశంలో గ్రామీణ ఆవిష్కర్తలకు చేయూతనిచ్చే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అండతో పేటెంటు 2011లో వచ్చింది, 2017లో పద్మశ్రీ. ఈయన వస్తువు చేసి ఆ తరువాత కొనేవారిని వెతుక్కోలేదు. కావలసినవారు ఇంట్లోనే ఉన్నారు, పొరుగింట్లో ఉన్నారు. మార్కెట్టు అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇదే.

పట్టా ఎట్లా పొందాలి?

వట్టి కోరికకు పేటెంటు రాదు. "దోసెలు తనంతట తానే వేసే యంత్రం ఉంటే బాగుండును" అనేది కోరిక. పిండి ఎట్లా పరచుకోవాలి, దోసె ఎట్లా తిరగబడాలి అని వివరంగా చెప్పగలిగితే అప్పుడు ఆవిష్కరణ. అది కొత్తదై ఉండాలి, ఉపయోగపడాలి, ఆ విద్య తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. కాబట్టి మొదటి పని వెతుకులాట. పాత పేటెంట్లన్నీ పేటెంటు కార్యాలయం వారి వద్ద ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. కొన్ని పెద్ద గ్రంథాలయాల్లో ఇందుకు ప్రత్యేక కేంద్రాలే ఉన్నాయి. రెండు వారాంతాలు వెచ్చిస్తే వేల డాలర్లు మిగలవచ్చు.

రెండవది, నోరు కట్టుకోవడం. బహిరంగపరచిన తరువాత దరఖాస్తుకు ఈ దేశంలో ఒక్క ఏడాది గడువు ఉంది. ఐరోపాలో ఆ గడువు కూడా లేదు. సంక్రాంతి సంబరాల్లో బల్ల మీద పెట్టి పదిమందికి చూపించినా బహిరంగపరచినట్లే సుమా! పైగా 2013 మార్చి 16 నుంచి ఇక్కడ కూడా ముందు కనిపెట్టినవారికి కాక ముందు దాఖలు చేసినవారికే హక్కు. వివరాలు కాగితం మీద రాసి తమకు తామే పోస్టులో పంపుకుని, ముద్ర చెడకుండా దాచుకుంటే చాలునని కొందరంటారు. ఆ కవరుకు చట్టంలో విలువ లేదు.

తొందర ఉన్నవారు ముందు తాత్కాలిక దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ఖర్చు తక్కువ, తేదీ మన పేర నిలుస్తుంది. అయితే 12 నెలల్లో పూర్తి దరఖాస్తు పెట్టకపోతే ఆ తేదీ పోతుంది. తాత్కాలికం గదా అని నాలుగు ముక్కలు గిలికితే లాభం లేదు. అందులో వివరించని దానికి రక్షణ ఉండదు.

పూర్తి దరఖాస్తుకు ప్రాణం క్లెయిములు. మన దస్తావేజుల్లో తూర్పున ఫలానా వారి పొలం, పడమర పుంత అని చెక్కుబందీ రాస్తారే, అటువంటివి ఇవి. హద్దులు మరీ ఇరుకుగా రాస్తే పక్కవాడు గట్టు దాటకుండానే మన పనిముట్టును కాస్త మార్చి చేసుకుంటాడు. మరీ విశాలంగా రాస్తే పరీక్షకులు ఒప్పుకోరు. కాబట్టి ఇక్కడ మాత్రం పేటెంటు కార్యాలయంలో నమోదైన ఏజెంటుకో లాయరుకో డబ్బు ఇవ్వడం దండుగ కాదు. ఆదాయం పరిమితికి లోబడి, మునుపు నాలుగుకు మించి దరఖాస్తులు లేనివారికి కార్యాలయం ఫీజుల్లో చాలావాటిలో 80 శాతం తగ్గింపు ఉంది. స్తోమత లేనివారికి ఉచితంగా లాయరును సమకూర్చే ఏర్పాటు కూడా ఉంది.

పేటెంటు గడువు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్ళు. మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్ళకు నిర్వహణ రుసుము కట్టకపోతే మధ్యలోనే రద్దవుతుంది. ఇక్కడి పేటెంటు ఇండియాలో చెల్లదు. అక్కడ కూడా కావాలంటే 12 నెలల్లో ఆ ప్రయత్నం ప్రారంభించాలి. ఇక్కడ చేసిన ఆవిష్కరణకు మొదటి దరఖాస్తు ఇండియాలో పెట్టాలనుకుంటే ముందుగా ఈ ప్రభుత్వం అనుమతి కావాలని మరువకూడదు.

ఉద్యోగస్థులకు ఒక హెచ్చరిక

మనలో ఎక్కువమంది ఉద్యోగస్థులము. చేరిననాడు సంతకం పెట్టిన కాగితాల్లో, కనిపెట్టినదెల్లా కంపెనీదే అన్న షరతు ఉండవచ్చు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాల్లో, స్వంత సమయంలో, కంపెనీ సామగ్రి వాడకుండా, కంపెనీ వ్యాపారానికి సంబంధం లేకుండా చేసినదానికి చట్టం రక్షణ ఇస్తుంది. అన్ని చోట్లా అట్లా లేదు. ముందు ఆ కాగితాలు బయటకు తీసి చదవండి. పేటెంటు పొందడానికి పౌరసత్వం అక్కరలేదు. కాని వీసా మీద ఉన్నవారు వ్యాపారం ప్రారంభించే ముందు వలస చట్టం తెలిసినవారిని అడగాలి.

మార్కెట్టు, మాయగాళ్ళు

"మీ ఆలోచన అద్భుతం! మేమే పేటెంటు తెస్తాము, మేమే కంపెనీలకు అమ్మిపెడతాము" అని ప్రకటనలు ఇచ్చే సంస్థలు ఉన్నాయి. అన్నీ మోసమని మేము అనము. కాని ముందు వందల్లో, తరువాత వేలల్లో గుంజి, ఒక రంగుల పుస్తకం చేతిలో పెట్టేవి ఎన్నో ఉన్నాయి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1997లో ఇటువంటి వారిపై ఒక పెద్ద దాడే జరిపింది. 2017లో ఫ్లారిడాలో మరొక సంస్థను కోర్టుకీడ్చి మూయించింది. 1999 నాటి చట్టం మన చేతికి ఒక ఆయుధం ఇచ్చింది. గత ఐదేళ్ళలో ఎన్ని ఆలోచనలు పరిశీలించారు, ఎన్నింటిని మంచివన్నారు, ఎన్నింటిని కాదన్నారు, ఎంతమందికి లైసెన్సు ఒప్పందాలు కుదిరాయి, ఎంతమందికి పెట్టిన దానికి మించి లాభం వచ్చింది అన్నవి ఒప్పందానికి ముందే వారు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. అడగండి. నసిగితే లేచి వచ్చేయండి.

నిజమైన దారులు మూడే. తామే తయారుచేసి అమ్ముకోవడం. తయారుచేసేవారికి లైసెన్సు ఇచ్చి రాయల్టీ తీసుకోవడం. హక్కు మొత్తం అమ్మివేయడం. లైసెన్సు ఒక్కరికే ఇచ్చేటట్లయితే, అమ్మినా అమ్మకపోయినా ఏటా ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలని రాయించుకోవాలి. లేకపోతే వారు దానిని అటక మీద పడవేసినా మనం చేయగలిగింది లేదు. పెద్ద కంపెనీలు రహస్యం కాపాడుతామని సంతకం చేయడానికి సాధారణంగా ఒప్పుకోవు గనుక, దరఖాస్తు పెట్టిన తరువాతే వారి గడప తొక్కడం మేలు. ఎవరైనా మన హక్కును అతిక్రమిస్తే పోలీసులు రారు. దావా మనమే వేసుకోవాలి. కెర్న్స్ కథ అందుకే చెప్పాము.

అన్నిటికన్నా ముందు చేయవలసినది ఖర్చులేని పని. ఆ వస్తువు అవసరమైనవారు పదిమందిని వెతికి, రహస్యం బయటపెట్టకుండా, వారి ఇబ్బంది ఏమిటో, అది తీరితే ఎంత ఇస్తారో అడగండి. ఆ పదిమంది దొరకకపోతే పట్టాకు తొందరపడకండి. దొరికితే ఆలస్యం చేయకండి.

మన సభ్యుల్లో పేటెంటు పొందినవారు, పొందబోయి వెనుదిరిగినవారు ఉంటే తమ అనుభవాలు రాసి పంపవలసిందిగా కోరుతున్నాము. వచ్చే సంచికల్లో వేస్తాము. దరఖాస్తు ఇంకా పెట్టనివారు మాత్రం తమ రహస్యం మాక్కూడా రాయవద్దు!